షాపువాడి చేత కనెక్షన్ ఇప్పించకు పాపా

చిరంజీవి పాపకు మామ దీవించి రాసేది.

అవిలాల ఇంటికి జనరేటర్ కొంటున్నావని అక్క ఫోన్లో చెప్పింది. మా అమ్మ ఆక్సిజన్ మిషన్ ఆగకూడదని నీకింత ముందుచూపు ఉన్నందుకు కడుపు నిండింది. ఆ వెంటనే "షాపువాడే వచ్చి ప్లగ్గు పెట్టిపోతాడంట" అంది. అప్పటినుంచి ఒకటే టెన్షన్. ఫోన్లో చెబితే "సరే మామా" అని పెట్టేస్తావు, అందుకే రాస్తున్నా.

ఆక్సిజన్ మిషన్‌కు జనరేటర్‌ను నమ్ముకోవద్దు. అర్ధరాత్రి కరెంటు పోతే నువ్వు లేచి, టార్చి వెతికి, తాడు లాగేదాకా అమ్మ ఊపిరి కాచుకోని ఉంటుందా? దానికి ఇన్వర్టర్ కావాలి, సైన్ వేవ్‌ది, అంటే లైను కరెంటులాంటి అలనే ఇచ్చేది. ఐదు లీటర్ల మిషన్ 350 వాట్ల దాకా లాగుతుంది. 150 ఏహెచ్ బ్యాటరీ కొత్తదైనా మూడు నాలుగు గంటలే. ఒక ఆక్సిజన్ సిలిండర్ నింపి మంచం పక్కన పెట్టుకో. ఆ బ్యాటరీని మళ్లీ చార్జ్ చేసేందుకు, బోరు మోటారు నడిపేందుకు జనరేటర్.

ఎంత సైజు అనేది మీ బోరే చెబుతుంది. ఒకటిన్నర హెచ్‌పీ మోటారు మొదలయ్యే క్షణంలో ఐదారు రెట్లు కరెంటు అడుగుతుంది. రెండు కేవీఏ సైజు జనరేటర్ గుర్రుమని ఆగిపోతుంది. 5కి తగ్గొద్దు. ట్యాంకు నిండగానే ఆపేసేదానికి డీజిల్ దేనికి, పెట్రోల్‌ది చాలు. నెలకోసారి లోడు మీద నడుపు. వేడి మీద పెట్రోల్ పోయొద్దు.

ఇక అసలు సంగతి. నేను లైన్‌మన్‌గా ఉన్నప్పుడు, కార్తీక మాసం తుపాను వాన. చిత్తూరు పక్కన ఒక వీధిలో చెట్టు పడి తీగ తెగింది. ఎల్‌సీ, అంటే లైను ఆపి పని చేసుకునే అనుమతి, తీసుకున్నాం, లైనును విడదీసే ఏబీ స్విచ్ ఓపెన్ చేశాం, ఫ్యూజులు పీకి నా జేబులోనే వేసుకున్నాను. కొత్తగా చేరిన పిల్లవాడు స్తంభం ఎక్కి, తీగను నేలకు కలిపే ఎర్త్ రాడ్ తగిలించబోతుంటే మోచెయ్యి తీగకు ఆనింది. "అన్నా" అన్నాడు, అంతే. రాడ్ కింద పడింది. మనిషి నడుము తాడుకు వేలాడాడు.

వీధంతా చీకటి, చివరింట్లో మాత్రం టీవీ మోగుతోంది. వరండాలో జనరేటర్, దానినుంచి రెండు కొసలకూ మగ ప్లగ్గులున్న వైరు గోడ సాకెట్లోకి. మెయిన్ ఆపలేదు. ఇంట్లో ఉండాల్సిన కరెంటు సర్వీసు వైరు పట్టుకుని స్తంభానికి పాకింది. వీధి మొత్తం తగిలి ఉంటే ఆ లోడు లాగలేక మిషన్ ఆగిపోయేదేమో. తెగిన ముక్కకు ఆ ఒక్క ఇల్లే మిగిలింది, అందుకే 230 వోల్టులూ అలాగే నిలిచాయి. అదే ట్రాన్స్‌ఫార్మర్ దాకా పోయి ఉంటే అవతలివైపు 11 వేలు. పిల్లవాడు బతికాడు గానీ కుడిచేతి రెండు వేళ్లు ఇప్పటికీ ముడుచుకోవు. ఆ ఇంటాయన చెడ్డవాడు కాదు, ఏడుస్తూ మా వెంట ఆస్పత్రికి వచ్చాడు. ఆయనకూ షాపువాడే పెట్టిచ్చాడంట.

అలాంటి వైరు మీ ఇంట్లో కనబడితే కత్తిరించి పారేస్తాను, కోప్పడకు. చేంజోవర్ స్విచ్ పెట్టించు. మీట ఇటుంటే లైను కరెంటు, అటుంటే జనరేటర్, మధ్యలో ఆఫ్. రెండూ కలిసే దారే ఉండదు. కరెంటు వచ్చే ఫేజు తీగతో పాటు తిరిగిపోయే న్యూట్రల్ తీగ కూడా తెగే రెండు పోల్‌ల రకం అడుగు. లైసెన్సున్న ఎలక్ట్రీషియన్ చేతనే బిగించాలి. జనరేటర్ బాడీకి ఎర్త్ మరవొద్దు.

60 అంకణాల స్థలంలో చోటెక్కడ మామా అంటావు. వానకు తడుస్తుందని మెట్ల కింద మాత్రం పెట్టకు. పొగలో ఉండే కార్బన్ మోనాక్సైడ్ అనే విషవాయువుకు రంగూ లేదు, వాసనా లేదు. అమ్మ మిషన్ గదిలో గాలినే పీలుస్తుంది కదా. వెనక గోడ దగ్గర, ఏ కిటికీకైనా 20 అడుగుల దూరంలో, నాలుగు వైపులా తెరిచి ఉన్న రేకు కింద పెట్టు. సైలెన్సర్ మూతి ఇంటివైపు ఉండకూడదు. పక్కింటివాళ్ల కిటికీ కూడా చూసుకో.

మిషన్ తెప్పించుకో, నేను వచ్చేదాకా ఎవరినీ వైరు ముట్టనివ్వకు. ఆదివారం పొద్దున బస్సుకే వస్తాను, టెస్టర్ నేనే తెస్తా. నాకోసం వంటలేవీ పెట్టుకోవద్దని అక్కకు చెప్పు. వినదనుకో.

మీ మామ