పోట్లీ మసాలా ఎక్కడ దొరుకుతుంది?

ప్రశ్న: నిహారీలో (సన్నని మంట మీద చాలాసేపు ఉడికించే మాంసం పులుసు) గుడ్డలో మూటగట్టి వేసే పోట్లీ మసాలా దినుసులు మా సూపర్ మార్కెట్లో దొరకడం లేదు. హైదరాబాద్‌లో ఎక్కడ వెతకాలి?
– ఒక పాఠకురాలు, కూకట్‌పల్లి

జవాబు: బేగంబజారుకు వెళ్లండి, కారు మాత్రం ఇంటి దగ్గరే వదిలేయడం మంచిది. అది ప్రధానంగా టోకు బజారే అయినా, రాతిపువ్వు, తోకమిరియాలు, వట్టివేళ్లు, ఎండు గులాబీ రేకుల వంటివి చిల్లరగా అమ్మేవారూ ఉన్నారు. రాతిపువ్వు నిజానికి పువ్వు కాదు, రాళ్ల మీద, చెట్ల బెరడు మీద పెరిగే లైకెన్ (శిలీంధ్రం, నాచు కలిసి బతికే జీవి); ఒకవైపు నల్లగా, మరోవైపు బూడిదరంగులో పొడిపొడిగా ఉన్నదాన్ని ఎంచుకుని, వేళ్ల మధ్య నలిపినప్పుడు బూజు కంపు కొడితే తీసుకోకండి. అరబ్బు వంటల్లో వేసే ఎండు నిమ్మకాయల కోసమైతే, నిజాం సైన్యంలో పనిచేసిన యెమెన్ అరబ్బుల వారసులు నివసించే బార్కస్‌లో అడిగి చూడండి.