తొమ్మిదేళ్ల రాజు కథ రాస్తున్న తమ్ముడికి

తమ్ముడూ,

ఇంగ్లండ్ రాజు ఆరో ఎడ్వర్డ్ మీద నువ్వు రాస్తున్న నవల, పంపిన మూడు అధ్యాయాలూ చదివాను. నీ వచనం నాకు నచ్చింది. కానీ కథ మొత్తం రాజమందిరంలోనే తిరుగుతోంది. 1547 జనవరిలో తండ్రి ఎనిమిదో హెన్రీ చనిపోవడం, తొమ్మిదేళ్ల పిల్లవాడు గద్దెనెక్కడం, మేనమామ సోమర్‌సెట్ పెత్తనం, తర్వాత అది డడ్లీ అనే ప్రభువు చేతికి పోవడం: ఇదంతా ఏ చరిత్ర పుస్తకంలోనైనా దొరుకుతుంది. చర్చిని కాథలిక్ పద్ధతి నుంచి ప్రొటెస్టంట్ పద్ధతికి మార్చిన ఆ కాలపు సంస్కరణ జనాన్ని తాకింది ఊళ్లలో. నువ్వు అక్కడికి వెళ్లాలి.

ఇంగ్లండ్ నైరుతి మూల డెవన్‌లో మోర్‌బాత్ అని ముప్పై చిల్లర కుటుంబాల పల్లె ఉంది. అక్కడి పాదిరి క్రిస్టఫర్ ట్రికీ యాభై ఏళ్లకు పైగా చర్చి జమాఖర్చులు రాశాడు. చనిపోయినవాళ్ల కోసం చేసే పూజలకు మంచి నల్లని వస్త్రాలు కొనాలని దాదాపు ఇరవై ఏళ్లు చందాలు కూడబెట్టాడు. చివరికి అవి చేతికొచ్చేసరికి ఎడ్వర్డ్ రాజ్యం వచ్చింది. చనిపోయినవాళ్ల ఆత్మల కోసం పూజలు చేయించడం మూఢనమ్మకమని చెప్పి, అందుకోసం పెట్టిన నిధులను ప్రభుత్వం తీసేసుకుంది. విగ్రహాలు పోయాయి, గోడల మీది బొమ్మలకు సున్నం కొట్టారు. ఆ వస్త్రాలు పట్టుకున్న ముసలాయన గురించి నువ్వు ఒక్క పేజీ రాస్తే, మంత్రుల సంభాషణలు పది పేజీలు తీసేయొచ్చు.

అయితే జాగ్రత్త. ఆయన మీద జాలితో సంస్కర్తలను దుర్మార్గులుగా చిత్రించకు. ఆర్చిబిషప్ క్రాన్మర్ 1549లో లాటిన్ బదులు ఇంగ్లీషు ప్రార్థన పుస్తకం తెచ్చింది, మనుషులు తాము చేసే ప్రార్థన తమకు అర్థం కావాలని మనస్ఫూర్తిగా నమ్మే. ఆ పుస్తకం వద్దని లేచిన కార్న్‌వాల్ తిరుగుబాటుదారులు మాలో కొందరికి ఇంగ్లీషే రాదన్నారు. మరి మీలో లాటిన్ వచ్చినవాళ్లు ఎందరని క్రాన్మర్ అడిగాడు. నా దృష్టిలో ఇద్దరి మాటలోనూ న్యాయం ఉంది. నీ నవల నిలబడాల్సింది ఆ చోటే.

ఇక ఎడ్వర్డ్. నీ అధ్యాయాల్లో అతను పెద్దవాళ్ల చేతిలో కీలుబొమ్మ. మొదట్లో కొంతవరకు నిజమే. కానీ అతను ప్రసంగాలు విని నోట్సు రాసుకున్న పిల్లవాడు. అక్క మేరీ పాత కాథలిక్ పూజ మాననంటే, పదమూడేళ్ల వయసులో ఆమెను ఎదురుగా నిలదీశాడు. 1552 జనవరిలో మేనమామ తల నరికితే, ఆ విషయాన్ని స్థలం, సమయంతో సహా తన దినచర్యలో ఒక్క వాక్యంలో రాసుకున్నాడు. ఆ వాక్యానికి నువ్వు కన్నీళ్లు జోడించకు. అతను రాయని దుఃఖాన్ని మనం రాస్తే అబద్ధమవుతుంది. అలా పెరిగిన అబ్బాయి పదిహేనేళ్లకే, 1553 జూలైలో పోయాడు. చావుకు ముందు వారసత్వపు కాగితం మీద తన చేతిరాతతోనే మార్పులు చేసి, మేరీని తప్పించి ప్రొటెస్టంట్ బంధువు జేన్ గ్రేకు సింహాసనం రాశాడు. అతని భయమంతా ఆ కొట్టివేతల్లో ఉంది.

మొదటి అధ్యాయం మార్చు. 1549 జూన్ 10, సోమవారం, డెవన్‌లోనే శాంప్‌ఫర్డ్ కోర్ట్నీ అనే ఊరు. ముందురోజు కొత్త ప్రార్థన పుస్తకం చదివిన పాదిరిని ఊరివాళ్లు చుట్టుముట్టి, పాత వస్త్రాలు వేసుకో, పాత పూజే చెయ్యి అంటున్నారు. ఆయన వేసుకున్నాడు. భయంతోనా, ఇష్టంతోనా? అది నువ్వు తేల్చుకుని రాయి. రాశాక ఆ పేజీలు మాత్రం ముందు పంపు, మిగతావి తర్వాత చూస్తాను.

ప్రేమతో,
అన్నయ్య