సంఘం అప్పు లక్షన్నర: బోరా, బర్రెలా?

ప్రశ్న: మాది నాగర్‌కర్నూల్ జిల్లా. రెండున్నర ఎకరాలు, అంతా వర్షాధారమే. పట్టా మా ఆయన పేరు మీద ఉంది. పత్తి, కొంచెం జొన్న వేస్తాం. మహిళా సంఘంలో ఈసారి నా వాటాకు లక్షన్నర బ్యాంకు రుణం వస్తోంది. నెలకు సుమారు 4,000 చొప్పున నాలుగేళ్లు కట్టాలి. రెండు ముర్రా బర్రెలు కొనాలని నా ఆశ. బోరు వేయిద్దామని ఆయన పట్టు. విత్తనాలకు, మందులకు దుకాణం సేటు దగ్గర తెచ్చిన 60,000 అలాగే ఉంది, మూడు రూపాయల వడ్డీ. పంట రుణం 2024లో మాఫీ అయ్యాక మళ్లీ తీసుకోలేదు. ఊళ్లో పాల కేంద్రం ఉంది, లీటరుకు 50 వస్తుంది. ఏం చేయమంటారు?

జవాబు: అమ్మా, బోరు సంగతీ బర్రెల సంగతీ తర్వాత. ముందు సేటు బాకీ చూద్దాం. 60,000కు మూడు రూపాయలంటే నెలకు 1,800, ఏడాదికి 21,600. సంఘం రుణానికి రూపాయి వడ్డీ వేసుకున్నా అదే సొమ్ముకు నెలకు 600 దాటదు. సక్రమంగా కట్టే సంఘాలకు వడ్డీ రాయితీ ఉంది కానీ, అది ఖాతాలో పడేదాకా లెక్కలో వేసుకోకండి. బాకీని అక్కడి నుంచి ఇక్కడికి మారిస్తే చాలు, ఒక్క బర్రెను కూడా పిండకుండానే నెలకు 1,200 మిగులుతాయి.

పోయేది వడ్డీ ఒక్కటే కాదు. సేటు దగ్గర అప్పుంటే పత్తి కూడా సేటుకే పోవాలి. తరుగు ఆయన తీసినంత, రేటు ఆయన చెప్పినంత. పొడవు పింజ పత్తికి 2025-26లో మద్దతు ధర క్వింటాలుకు 8,110. తేమ 8 శాతం లోపు ఉంటే సీసీఐ (ప్రభుత్వ పత్తి సంస్థ) కేంద్రంలో పూర్తి ధర ఇస్తారు, 12 శాతం దాకా కొంత కోసి తీసుకుంటారు. రెండు రోజులు ఎండబెట్టి అక్కడికి తీసుకెళ్లాలంటే ముందు సేటు చిట్టాలో మీ పేరు ఉండకూడదు. సంఘం రుణంతో ఎక్కువ వడ్డీ అప్పు తీర్చుకోవచ్చు, నిబంధనలు ఒప్పుకుంటాయి. ఎవరు ఎంత, దేనికి తీసుకుంటున్నారో సంఘం రాసే మైక్రో క్రెడిట్ ప్లాన్‌లోనే ఆ మాట రాయించండి.

మిగిలిన 90,000తో ఒక్క బర్రె కొనండి. రెండు ఎందుకు వద్దంటున్నానో లెక్క చూడండి. ఇంటికి, దూడకు పోను రోజుకు 5 లీటర్లు పోస్తే నెలకు 7,500. దాణా, గడ్డికి 4,000 తీసేస్తే 3,500. అంటే పాల డబ్బు ఒక్కటే వాయిదాకు చాలదు. సేటుకు కట్టే 1,800 ఆగిపోతేనే చేతిలో 5,300 అయి, 4,000 కట్టాక 1,300 మిగులుతుంది. బాకీ అలాగే ఉంచి రెండు బర్రెలు ఒకేసారి కొన్నారనుకోండి. పాలున్నన్నాళ్లూ బాగానే ఉంటుంది. పది నెలలకు రెండూ కలిసి వట్టిపోతాయి. అప్పుడు పాలు సున్నా, మేత మాత్రం తప్పదు, సంఘానికి 4,000, సేటుకు 1,800. వాయిదా తప్పే ప్రమాదం ఈ నెలల్లోనే.

అందుకే రెండోదాన్ని ఆరు నెలలు ఆగి, మహిళా సంఘాలకు అప్పులిచ్చే స్త్రీనిధి సంస్థ రుణంతో కొనండి. ఒకటి వట్టిపోయే వేళకు ఇంకొకటి పాలలో ఉంటుంది. అప్పటిదాకా నెలనెలా మిగిలే 1,300 ముట్టుకోకండి, వట్టి నెలల వాయిదాకు అదే ఆధారం.

కొనేటప్పుడు దళారి మాట నమ్మి ఒక్క పూట పాలు చూసి బేరం కుదుర్చుకోవద్దు. ముందు పూట పిండకుండా ఆపితే ఏ పొదుగైనా నిండుగానే కనబడుతుంది. సాయంత్రం, పొద్దున, మళ్లీ సాయంత్రం, మూడు పూటలు దగ్గరుండి పిండించి చూడండి. నాలుగు చన్నుల నుంచీ ధార సమానంగా రావాలి. రెండో ఈతదో మూడో ఈతదో అయితే మంచిది. తెచ్చిన వారంలోనే చెవి పోగు వేయించి బీమా చేయించండి. పోగు ఊడిపోతే వెంటనే చెప్పి కొత్తది వేయించుకోవాలి, పోగు లేకపోతే క్లెయిమ్ తిరస్కరిస్తారు. ఇంకో మాట, బర్రెల్లో మూగ ఎద, అంటే అరవకుండా పైకి తెలియకుండా వచ్చే ఎద, ఎక్కువ. తెల్లవారుజామున మానం నుంచి జారే తీగలు గమనించకపోతే చూలు కట్టించే ఎద సూది 21 రోజులు వెనక్కి పోతుంది. ఆ 21 రోజుల మేత ఖర్చు మీదే.

ఇక బోరు. మీ ఆయన ఆశ నాకు అర్థమవుతుంది, నీళ్లుంటే రెండో పంట వస్తుంది, పచ్చిగడ్డీ వస్తుంది. కానీ రాతి నేలలో బోరు జూదం లాంటిది. బర్రె కలిసి రాకపోతే సంతలో అమ్మి సగానికి పైగా రాబట్టుకోవచ్చు, ఎండిన బోరును ఎవరు కొంటారు? పైగా ఈ అప్పుకు మీతో పాటు సంఘంలో మిగతావాళ్లూ జవాబుదారీ. పట్టా ఆయనది, బోరు పడేది ఆయన చేనులో, వాయిదా తప్పితే మాట పడేది మీరు. ఆయన్ని కూర్చోబెట్టి ఈ లెక్కే చూపించండి, గొడవ పడనక్కర్లేదు. అంతగా కావాలనుకుంటే ముందు భూగర్భ జల శాఖ వాళ్లతో పరీక్ష చేయించి, ఆ పొలం మీదే వేరే రుణం అడగమనండి.

ఆయన చేయాల్సిన పని ఒకటుంది: పంట రుణం మళ్లీ తీసుకోవడం. 2025 జనవరి నుంచి 2 లక్షల దాకా తాకట్టు అడగరు. వడ్డీ 7 శాతం, గడువులో కడితే 4 శాతమే పడుతుంది. సేటు మూడు రూపాయలంటే ఏడాదికి 36 శాతం. మాఫీ మళ్లీ వస్తుందేమోనని కట్టకుండా కూర్చుంటే ఆ 4 శాతం వెసులుబాటు కాస్తా పోతుంది. ఎకరాకు ఏడాదికి 12,000 రైతు భరోసా పడితే విత్తనాలకే వాడండి. అది ఆలస్యమైనా పంట రుణం ఉంటే సేటు గడప ఎక్కాల్సిన పని ఉండదు.

పాల కేంద్రంలో ఖాతా మీ పేరు మీదే తెరవండి, బిల్లు అందులోనే పడాలి. రైతు బీమా 5 లక్షలు పట్టాదారుకే, అంటే ఆయన ఒక్కరికే. ఆ బీమా మీకు వర్తించదన్నమాట. మీకు 50 ఏళ్లు నిండకపోతే బ్యాంకులో ఏడాదికి 436 రూపాయల జీవన జ్యోతి, దాంతోపాటే 20 రూపాయల సురక్ష బీమా, రెండింటి ఫారాలూ సంఘం రుణం డబ్బు పడిన రోజే నింపి ఇచ్చేయండి.