పని చేసిన చోటి నుంచే ఫోన్‌లో బిల్లు పంపడం: నా పద్ధతి

రోజంతా సైట్ల మీదే తిరుగుతాను, రాత్రి కూర్చుని బిల్లులు రాసే ఓపిక ఉండదు, వేసిన సామాను సగం గుర్తుండదు, ఫోన్‌లోంచే పంపడానికి ఏ యాప్ మంచిది అని అడిగారు. నాది ఏసీలు, వైరింగు పని. చాలాకాలంగా బిల్లులన్నీ ఫోన్‌లోనే పంపుతున్నాను. నన్నడిగితే యాప్ సంగతి చివర్లో చూసుకోవచ్చు. పని అయ్యాక మొదలుపెట్టే బిల్లు ఏ యాప్‌లోనైనా విసిగిస్తుంది. చేతులకు మసి, ఎండలో తెర కనబడదు, కస్టమరేమో మనం ఎప్పుడు వెళ్తామా అని నిలబడి ఉంటాడు. అప్పుడు లైను లైనూ టైపు చేయడం ఎవరి వల్లా కాదు.

అందుకని తీరిక దొరికిన రోజు మీరు తరచూ చేసే పనులు, వాడే సామాను ఐటెమ్ లిస్టుగా ఎక్కించేయండి. పేరు, రేటు, పన్ను, లెక్క మీటర్లలోనా పీసుల్లోనా గంటల్లోనా అన్నీ. ఎస్టిమేట్ కూడా అదే యాప్‌లో ఇస్తే తర్వాత దాన్నే బిల్లుగా మార్చుకోవచ్చు. నేను సైటుకు చేరగానే ఆ డ్రాఫ్ట్ తెరుస్తాను, ఏ సామాను విప్పితే ఆ లైను అప్పుడే చేరుస్తాను. అనుకోని అదనపు పని తగిలితే మాత్రం ముందు రేటు మెసేజ్ పెట్టి, ‘సరే’ అని జవాబొచ్చాకే చెయ్యి వేస్తాను. నోటిమాట చాలదా అంటే చాలదు. ఒప్పుకునేది ఒకరు, డబ్బిచ్చేది ఇంకొకరు.

పంపే ముందు తెర మీద ఒకసారి చూపించండి. ‘ఇదేంటి, ఇంతెందుకు’ అనే మాటలు అక్కడే, పాత పార్టు ఇంకా ఎదురుగా ఉండగానే తేలిపోతాయి. వారం తర్వాత ఫోన్‌లో అదే వివరించడానికి మూడింతల మాటలు కావాలి. ఒకసారి పంపాక మాత్రం పాత బిల్లు దిద్దకండి. తగ్గించాల్సి వస్తే ఆ బిల్లులో ఇంత తగ్గించామని చూపే క్రెడిట్ నోట్ ఇవ్వండి, పెరిగితే ఇంకో బిల్లు. ఒకే నంబరుతో రెండు మొత్తాలున్న కాగితాలు తిరిగితే ఎవరి లెక్కా కుదరదు.

నంబర్ల దగ్గర ఇంకో చిక్కుంది. బేస్‌మెంట్లలో సిగ్నల్ ఉండదు కాబట్టి ఆఫ్‌లైన్‌లో పనిచేసే యాప్ కావాలి. కానీ మీరూ మీ అసిస్టెంటూ రెండు ఫోన్లలో ఆఫ్‌లైన్‌లో బిల్లులు చేస్తే ఇద్దరికీ ఒకే నంబరు పడే ప్రమాదం ఉంది. చాలా దేశాల్లో పన్ను నిబంధనల ప్రకారం నంబర్లు వరసగా, రెండోసారి రాకుండా ఉండాలి. ఒక్కో ఫోన్‌కు వేరే అక్షరంతో మొదలయ్యే సిరీస్ పెట్టుకుంటే గొడవ లేదు.

బిల్లు స్క్రీన్‌షాట్ తీసి పంపేవాళ్లను చూస్తుంటాను. అలా చేయకండి. పీడీఎఫ్ చేసి, వాట్సాప్‌లో అయితే డాక్యుమెంట్‌గా పంపండి. ఫొటోగా పంపితే నాణ్యత తగ్గించి పంపుతుంది, చిన్న అంకెలు అలుక్కుపోతాయి. ఫైలు పేరులో బిల్లు నంబరు, మీ పేరు ఉండాలి. అవతలివాళ్ల ఫోన్‌లో ‘ఇన్‌వాయిస్’ అనే పేరుతో ఎన్ని ఫైళ్లుంటాయో మరి. కంపెనీలకైతే మెయిలే పంపాలి, అదీ మనకు తలుపు తీసినాయనకు కాదు, అకౌంట్స్‌వాళ్లకు. వాళ్ల పర్చేజ్ ఆర్డర్ నంబరు, అంటే పని అప్పగిస్తూ వాళ్లిచ్చిన కాగితం మీది నంబరు, బిల్లు మీద లేకపోతే చాలాచోట్ల అది పక్కనే పడి ఉంటుంది, మనకు ఎవరూ చెప్పరు. సైటు ఫొటోలు జతచేసేటప్పుడు సైజు చూసుకోండి, జీమెయిల్‌లో మొత్తం 25 ఎంబీ దాటకూడదు.

బిల్లు మీద క్యూఆర్ కోడ్ వేస్తే సరిపోతుందనుకుంటారు. ఆ పీడీఎఫ్ తెరిచేది కస్టమరు తన ఫోన్‌లోనే కదా, తన తెర మీదున్న కోడ్‌ను తన కెమెరాతోనే ఎలా స్కాన్ చేస్తాడు? కోడ్ పక్కనే నొక్కితే తెరుచుకునే పేమెంట్ లింకు, కాపీ చేసుకునేలా ఖాతా నంబరు కూడా ఉండాలి. ఎదురుగా ఉన్నాయనకైతే మీ ఫోన్‌లోనే కోడ్ చూపించండి. ఖాతా వివరాలు మారాయని మీ పేరుతో మెయిల్ వస్తే, డబ్బు వేసే ముందు మీకు ఫోన్ చేసి అడగమని పాత కస్టమర్లకు చెప్పి ఉంచండి. మెయిళ్లు హ్యాక్ చేసి ఇలా డబ్బు మళ్లించే మోసాలు అన్నిచోట్లా ఉన్నాయి.

గడువు ‘30 రోజుల్లో’ అని రాయకుండా ఫలానా తేదీ అని రాయండి. ఎప్పటినుంచి 30 అనే వాదనే రాదు.

అన్ని బిల్లులూ అక్కడికక్కడే పంపాలనీ లేదు. కొలతలు తీసి లెక్కగట్టే పెద్ద పనులకు డ్రాఫ్ట్ మాత్రమే చేసుకుని, రాత్రి నిదానంగా సరిచూసి పంపుతాను. పని బాగా కుదిరిందో లేదో కాసేపు నడిపి చూడాల్సినప్పుడు కూడా అంతే. మిషను ఇంకా చల్లబరచకముందే బిల్లు చేతిలో పెడితే ఎవరికైనా ఒళ్లు మండుతుంది.

ఇక యాప్. ఆఫ్‌లైన్‌లో డ్రాఫ్ట్ దాచడం, ఎస్టిమేట్‌ను బిల్లుగా మార్చడం, డేటా మొత్తం బయటికి తీసుకోగలగడం, ఈ మూడూ ఉంటే ఏదైనా ఫరవాలేదు. మూడోది కొనేముందే పరీక్షించండి. ఫోన్ పోయినా, ఆ యాప్ మూతపడినా పాత బాకీల లెక్క మీ దగ్గర ఉండాలి.