కలిపే ముందు తీసెయ్యి

చిరంజీవి అమ్మాయికి ఆశీస్సులు.

పేజీ ఒక్కటి తెరిస్తే పద్నాలుగు స్క్రిప్టులు, తొమ్మిది స్టైల్ ఫైళ్లు దిగుతున్నాయి, అన్నీ కలిపేసి ఒక్కటి చేసెయ్యనా అని అడిగావు. చెయ్యొచ్చు, కానీ అది ఆఖరున చేసే పని. ముందు అక్కర్లేనిది తీసెయ్యి, తర్వాత మినిఫై చెయ్యి, ఆ తర్వాత సర్వరులో కంప్రెషన్ పెట్టు. కలపడం సంగతి అప్పుడు చూద్దాం.

క్రోమ్ డెవలపర్ టూల్స్‌లో కవరేజ్ ట్యాబ్ తెరిచి పేజీ రీలోడ్ చెయ్యి. ఏ ఫైలులో ఎంత కోడ్ అసలు నడవలేదో ఎర్రగా చూపిస్తుంది. మెనూ నొక్కితేనో, ఫారం పంపితేనో నడిచేది కూడా మొదట ఎర్రగానే ఉంటుంది. అందుకని అవన్నీ ఒకసారి నొక్కి చూశాకే కత్తెర పట్టుకో. కంప్రెషన్ తగ్గించేది దారి ఖర్చు మాత్రమే. ఫోనుకు చేరాక స్క్రిప్ట్ మళ్లీ పూర్తి సైజుకు విచ్చుకుంటుంది, బ్రౌజరు దాన్నంతా చదివి నడపాలి. తీసేసిన కోడ్‌కు ఆ బరువు కూడా ఉండదు.

మినిఫై వేరు, కంప్రెషన్ వేరు. మినిఫై అంటే ఖాళీలు, కామెంట్లు పోయి లోపలి పేర్లు పొట్టివవడం. కంప్రెషన్ అంటే సర్వరు ఫైలును జీజిప్‌తోనో బ్రాట్లీతోనో నొక్కి పంపడం. జేక్వెరీ అనే స్క్రిప్ట్ లైబ్రరీ మూడో వెర్షన్‌నే చూడు: మామూలు ఫైలు దాదాపు 280 కేబీ, మినిఫై చేస్తే 90 లోపు, దానిమీద జీజిప్ వేస్తే 30 దరిదాపు. రెండూ చెయ్యాలి. మినిఫై చేసే టూళ్లలో స్క్రిప్టులకు టెర్సర్ గానీ ఈఎస్‌బిల్డ్ గానీ చాలు, స్టైల్స్‌కు లైట్నింగ్ సీఎస్ఎస్. ఫలితం ఎప్పుడూ వేరే ఫోల్డరులోకే వెళ్లాలి, నువ్వు రాసిన ఫైలు మీద కాదు. స్టైల్ ఫైళ్లలో కొలతల లెక్కలు వేసే క్యాల్క్ లోపల ప్లస్, మైనస్ గుర్తులకు రెండు వైపులా ఖాళీ ఉండి తీరాలి. కనిపించిన ఖాళీనల్లా ఊడ్చేసే నాసిరకం టూళ్లు అక్కడ లేఅవుట్‌ను చెడగొడతాయి.

ఎన్జిన్‌ఎక్స్ అనే సర్వరు ప్రోగ్రాంలో జీజిప్ ఆన్ చేసి ఊరుకుంటే అది హెచ్‌టీఎంఎల్‌ను మాత్రమే నొక్కుతుంది. జీజిప్ టైప్స్ వరుసలో సీఎస్ఎస్, జావాస్క్రిప్ట్, ఎస్‌వీజీ రకాలు నువ్వే రాయాలి. లెవెల్ ఏమీ చెప్పకపోతే 1 దగ్గరే ఉంటుంది, 5 పెట్టు. బ్రాట్లీ 11వ లెవెల్ బాగా నొక్కుతుంది కానీ చాలా నెమ్మది. దాన్ని బిల్డ్ చేసేటప్పుడే ఒకసారి నడిపి ఫైలు సిద్ధంగా ఉంచుకో. అప్పటికప్పుడు నొక్కి పంపేటట్టయితే 4 లేదా 5 చాలు. జేపెగ్ బొమ్మల్నీ వాఫ్ 2 ఫాంట్లనీ ముట్టుకోకు, అవి ముందే నొక్కి ఉన్నవి. తర్వాత నెట్‌వర్క్ ట్యాబ్‌లో ఒక ఫైలు మీద నొక్కి, జవాబు హెడర్లలో కంటెంట్ ఎన్‌కోడింగ్ వరుస ఉందో లేదో కళ్లారా చూసుకో.

ఇక కలపడం. హెచ్‌టీటీపీ 1.1లో (బ్రౌజరూ సర్వరూ మాట్లాడుకునే పద్ధతిలో పాత వెర్షన్ అది) బ్రౌజరు ఒక సర్వరుకు ఒకేసారి ఆరు కనెక్షన్లే తెరుస్తుంది, మిగతా ఫైళ్లు వరుసలో నిలబడతాయి. అప్పుడు కలపడం తప్పనిసరి. 2015లో వచ్చిన హెచ్‌టీటీపీ 2లో ఒకే కనెక్షన్ మీద అన్నీ కలిసి వస్తాయి. నీ సర్వరు ఏది మాట్లాడుతోందో ముందు చూసుకో. ఎలాగైనా ఒక్క ముద్ద మాత్రం చెయ్యకు. అందులో ఒక్క అక్షరం మారినా మొత్తం మళ్లీ దిగాలి. లైబ్రరీలు ఒకటి, సైటంతటికీ వాడేది ఒకటి, ఆ పేజీకి మాత్రమే కావలసింది ఒకటి. ఇలా మూడు చాలు.

ఫైళ్లను సరిగ్గా కలిపిపెట్టే బండ్లర్ టూల్ లేకుండా పాత స్క్రిప్టుల్ని ఒకదాని వెనక ఒకటి అతికిస్తే ఒక చిక్కుంది. మొదటి ఫైలు ఆఖరున ఒక ఫంక్షన్‌ను వేరియబుల్‌లో పెట్టి సెమికోలన్ వెయ్యకుండా వదిలేశారనుకో. రెండోది బ్రాకెట్టుతో మొదలవుతుంది. విడిగా రెండూ చక్కగా నడుస్తాయి. అతికించగానే బ్రౌజరు ఆ బ్రాకెట్టును పై ఫంక్షన్‌ను పిలవడంగా చదువుకుంటుంది. కన్సోల్‌లో 'ఈజ్ నాట్ ఎ ఫంక్షన్' అని ఎర్రగా వస్తుంది. మినిఫై అయిన ఫైలు కాబట్టి తప్పు ఒకటో లైనులోనే అంటుంది, ఎంత వెతికినా దొరకదు. అందుకే రెండు ఫైళ్ల మధ్య ఒక కొత్త లైను, ఒక సెమికోలన్ పెట్టు. ముందు ఫైలు రెండు గీతల (//) కామెంట్‌తో ముగిస్తే తర్వాతి ఫైలు మొదటి లైనును అది మింగెయ్యకుండా ఆ కొత్త లైను కాపాడుతుంది. మినిఫై అయిన కోడ్ నీ అసలు ఫైలులో ఏ లైనుదో చూపించే సోర్స్ మ్యాప్ కూడా తయారుచేసుకో.

స్టైల్స్‌లో మూడు చూసుకో. సమానమైన రూల్స్‌లో కింద ఉన్నదే గెలుస్తుంది, కాబట్టి ఫైళ్ల వరుస మారితే గెలిచే రూలు మారిపోతుంది. ఇంపోర్ట్ వరుస మధ్యలో పడితే బ్రౌజరు దాన్ని పట్టించుకోదు. ఫోల్డరు మారితే బొమ్మలు, ఫాంట్ల దారులు తెగిపోతాయి.

ఫైలు పేరులో దాని హ్యాష్ (లోపలి కోడ్ మారితే తానూ మారే పొట్టి గుర్తు) చేర్చి, క్యాష్ గడువు, అంటే బ్రౌజరు దాన్ని దాచుకునే కాలం, 31536000 సెకన్లు, అంటే ఏడాది పెట్టు. హెచ్‌టీఎంఎల్‌కు మాత్రం నో క్యాష్, అంటే ప్రతిసారీ సర్వరును అడిగి చూసుకోమనడం. కొత్త వెర్షన్ ఎక్కించిన రోజే పాత బండిల్స్ (కలిపిన ఫైళ్లు) తుడిచెయ్యకు. పాత పేజీ తెరిచి పెట్టుకున్నవాళ్లు ఏదో బటన్ నొక్కితే బ్రౌజరు పాత పేరుతోనే ఫైలు అడగొచ్చు, అప్పుడు ఫైలు లేదని 404 వస్తుంది. కనీసం వారం ఉంచు.

నీ మామయ్య