చచ్చిన కోళ్లను కోసే చదువులో మా అమ్మాయికి భవిష్యత్తు ఉంటుందా?

ప్రశ్న: మాది అనపర్తి దగ్గర. చిన్న లేయర్ ఫారం ఉంది. నిరుడు వానాకాలంలో కోళ్లు వరసపెట్టి చనిపోతుంటే రెండింటిని ల్యాబ్‌కు పట్టుకెళ్లాం. వెంట వచ్చిన మా అమ్మాయి అప్పటి నుంచి ‘నేనూ ఆ పనే నేర్చుకుంటా’ అంటోంది. ఇప్పుడు ఇంటర్ బైపీసీ రెండో సంవత్సరం. ఎంబీబీఎస్ అనుకుని నీట్ కోచింగ్‌లో చేర్పించాం. చచ్చిన కోళ్లను కోసుకుంటూ కూర్చుంటే ఏం ఎదుగుతుందని వాళ్లమ్మ టెన్షన్ పడుతోంది. ఏం చెయ్యమంటారు?
– ఒక తండ్రి, తూర్పు గోదావరి జిల్లా

జవాబు: ముందు వాళ్లమ్మ గారి భయం సంగతి చూద్దాం. కోడిని కోయడం ఆ పనిలో కాసేపే. అసలు పని ఆ తర్వాత రెండు మూడు రోజులు నడుస్తుంది.

మా విద్యార్థులతో ఒకసారి అలాంటి ల్యాబ్‌కు వెళ్లాను. ఒక పీజీ అమ్మాయి కోడి కాలేయం మీద ఎర్రగా కాలిన గరిటెలాంటి పరికరాన్ని ఒక్క క్షణం ఆనించింది. చుయ్యిమంది. పైన అంటుకుని ఉన్న క్రిములు మాడిపోయాక, ఆ మాడిన చోటు నుంచే లోపలికి తీగ గుచ్చి, దాన్ని మెకాంకీ అగార్ ప్లేటు (క్రిములను పెంచే జెల్లీ పోసిన పళ్లెం) మీద గీసింది. మర్నాటికి ఆ గీతల వెంట గులాబీ రంగు చుక్కలు లేచాయి. ఈ.కోలై అనే క్రిమి అయితే అలాగే కనిపిస్తుంది. కానీ ఈ.కోలై ఆరోగ్యంగా ఉన్న కోడి పేగుల్లోనూ ఉంటుంది. అక్కడి నుంచి నమూనా తీస్తే ఏ కోడిలోనైనా దొరుకుతుంది. శుభ్రంగా తీసిన కాలేయంలోనో గుండె రక్తంలోనో దొరికితేనే దాన్ని అనుమానించాలి. కాల్చే ఆ ఒక్క క్షణం బద్ధకిస్తే రిపోర్టు తప్పుతుంది. దాన్ని నమ్మి మీలాంటి రైతు వేలు పోసి మందు కొంటాడు.

అదే ప్లేటు మీద రంగులేని చుక్కలు వస్తే సాల్మొనెల్లా వైపు చూస్తారు. కోడిపిల్లల్లో తెల్లపారుడు, పెద్ద కోళ్లలో ఫౌల్ టైఫాయిడ్ దాని పనే. ఫౌల్ కలరా తెచ్చే పాశ్చురెల్లా మెకాంకీ మీద మామూలుగా మొలవదు, రక్తం కలిపిన బ్లడ్ అగార్ మీద మొలుస్తుంది. రంగు వేసి మైక్రోస్కోపులో చూస్తే దాని రెండు కొనలూ ముదురుగా, నడుమ లేతగా కనిపిస్తుంది. నాకు అన్నిటికన్నా ముచ్చటేసేది కొరైజా క్రిమి. ముఖం వాచి ముక్కు కారేది దీనివల్లే. మామూలు బ్లడ్ అగార్ మీద అది ఒంటరిగా బతకలేదు. అందుకే ప్లేటు మధ్యలో స్టెఫైలోకాకస్‌ను ఒక గీతగా వేస్తారు. కొరైజా క్రిమికి కావలసిన పోషకం ఆ గీత నుంచి అందుతుంది. కాబట్టి దాన్ని ఆనుకునే మంచు బిందువుల్లా చుక్కలు పుడతాయి, దూరంగా ఏమీ ఉండదు. ఇలాంటివి చూసినప్పుడు మీ అమ్మాయి కళ్లు మెరిస్తే ఆ చదువు తనదే.

మైకోప్లాస్మా లాంటి క్రిములు ప్లేటు మీద పెరగడానికి వారాలు పడుతుంది. వాటికి క్రిమి జన్యు పదార్థాన్ని పట్టే పీసీఆర్ పరీక్ష వచ్చింది, ఒక్క రోజులో తేలుతుంది.

క్రిమి ఏదో తెలిశాక ఏ మందుకు లొంగుతుందో చూడాలి. క్రిమిని పరిచిన ప్లేటు మీద మందు బిళ్లలు పెడితే, మర్నాటికి వాటి చుట్టూ ఖాళీ వలయాలు ఏర్పడతాయి. వాటిని కొలిచి చెబుతారు. మేతలో యాంటీబయాటిక్ ఊరికే కలిపే అలవాటు మనకు చాలా నష్టం చేసింది. మనుషులకు చివరి అస్త్రంగా దాచుకోవాల్సిన కొలిస్టిన్‌ను ఆహార జంతువులకు వాడకుండా 2019లో కేంద్రం నిషేధించింది. గుడ్డిగా మందు వేసే దారులు మూసుకుపోతున్నకొద్దీ ఇలా పరీక్ష చేసి చెప్పేవాళ్ల అవసరం పెరుగుతుంది. ఈ పనికి భవిష్యత్తు ఉందని నేను గట్టిగా నమ్మేది అందుకే.

ఇక చదువు. బీఎస్సీ, ఎమ్మెస్సీ మైక్రోబయాలజీతోనూ ల్యాబ్‌లో ఉద్యోగం వస్తుంది. కానీ జబ్బు తేల్చి, మందు రాసి సంతకం పెట్టాలంటే రిజిస్టరైన పశువైద్యులై ఉండాలి. అందుకే నా ఓటు పశువైద్య డిగ్రీ బీవీఎస్సీకే. ఇంటర్న్‌షిప్‌తో కలిపి ఐదున్నరేళ్లు. ఆ పైన వెటర్నరీ మైక్రోబయాలజీలోనో పాథాలజీలోనో (జబ్బు శరీరంలో తెచ్చే మార్పుల చదువు) పీజీ, అంటే ఎంవీఎస్సీ, రెండేళ్లు. మీకు గన్నవరం కాలేజీ దగ్గరే, తిరుపతి, ప్రొద్దుటూరు కూడా ఉన్నాయి. నీట్ కోచింగ్ వృథా కాదు, మాన్పించకండి. వెటర్నరీ కౌన్సిల్ 15 శాతం జాతీయ కోటా సీట్లు ఆ ర్యాంకుతోనే ఇస్తారు. మన రాష్ట్రం సీట్లకు మాత్రం పశువైద్య విశ్వవిద్యాలయం నోటిఫికేషన్ రాగానే షరతులు చదవండి. తర్వాత ప్రభుత్వ వ్యాధి నిర్ధారణ ల్యాబులు, హేచరీలు, టీకాల కంపెనీలు, హైదరాబాద్ రాజేంద్రనగర్‌లోని పౌల్ట్రీ పరిశోధన సంస్థ, ఇలా చాలా చోట్లు ఉన్నాయి. ఎంబీబీఎస్ సీటు వస్తే ఏది తీసుకోవాలన్నది తననే తేల్చుకోనివ్వండి.

తేల్చుకునే ముందు ఒక పని చేయండి. ఈసారి మీ ఫారంలో కోడి చనిపోతే, అప్పుడే చనిపోయినదాన్ని రెండు కవర్లలో కట్టి, ఐస్ పెట్టెలో పెట్టి తీసుకెళ్లండి. ఒకేసారి చాలా కోళ్లు చనిపోతే మాత్రం కదిలించకుండా ముందు పశువైద్యుడికి ఫోన్ చేయండి, బర్డ్ ఫ్లూ అనుమానం ఉంటే ఆ పద్ధతి వేరు. అమ్మాయిని ల్యాబ్‌కు వెంట తీసుకెళ్లి, వాళ్లు ఒప్పుకుంటే మర్నాడు ప్లేటు చదివేటప్పుడు కూడా పంపండి. మొదటి రోజు అందరికీ బాగుంటుంది. రెండో రోజు కూడా తనంతట తనే బయల్దేరుతుందేమో చూడండి. ఇంటికొచ్చాక స్నానం చేసి, బట్టలు మార్చుకున్నాకే ఇద్దరూ షెడ్డులోకి వెళ్లండి.