ఎండు నెత్తళ్లలో ప్లాస్టిక్: తినడం మానేయాలా?

సముద్రపు చిన్న చేపల కడుపులో ప్లాస్టిక్ ఉంటుందన్నది నిజమేనా, నిజమైతే వరంగల్ మార్కెట్లో దొరికే ఎండు నెత్తళ్లు మానేయాలా అని అడిగారు. ఉంటుందన్నది నిజమే, మానేయవలసిన అవసరం మాత్రం నాకు కనబడదు. హనుమకొండలో డిగ్రీ విద్యార్థులకు జంతుశాస్త్రం బోధిస్తూ, వారితో కలిసి ఇవే చేపలను కోసి చూసిన అనుభవంతో చెబుతున్నాను.

5 మిల్లీమీటర్లలోపు ప్లాస్టిక్ ముక్కలను మైక్రోప్లాస్టిక్ అంటారు. సంచులు, సీసాలు, వలలు ఎండకూ అలలకూ పెళుసుబారి విరిగినవి కొన్నయితే, పాలిస్టర్ బట్టలు ఉతికినప్పుడు రాలే పోగులు మరికొన్ని. సముద్రం మనకు దూరమే కానీ, మేడారం జాతర తరువాత జంపన్నవాగు ఒడ్డున మిగిలిన సంచులకు దారి ఉంది: వానాకాలపు వరదకు ఆ వాగు గోదావరిలో కలుస్తుంది, గోదావరి బంగాళాఖాతంలో కలుస్తుంది.

నెత్తళ్లు, కవళ్లు నోరు తెరిచి ఈదుతూ, మొప్పల దగ్గర దువ్వెన పళ్లలా ఉండే ముళ్లతో నీటిని వడగట్టి ప్లవకాలను, అంటే నీటిలో తేలే అతి చిన్న జీవులను తింటాయి. ఆ ప్లవకాలూ ఈ ముక్కలూ ఇంచుమించు ఒకే పరిమాణంలో ఉంటాయి కనుక రెండూ లోపలికి పోతాయి. పైగా సముద్రంలో నానిన ప్లాస్టిక్ మీద సూక్ష్మజీవులు పేరుకుని, దానికి ఆహారపు వాసన పడుతుంది. ఆ వాసనకు నెత్తళ్ల జాతి చేపలు స్పందిస్తాయని 2017లో కాలిఫోర్నియా పరిశోధకులు చూపించారు.

మేము ఎండు చేపను నానబెట్టి, పొట్టను వేరు చేసి, 10 శాతం పొటాషియం హైడ్రాక్సైడ్ ద్రావణంలో ఉంచాం. పేగు, మాంసం కరిగిపోగా మిగిలినదాన్ని వడగట్టి సూక్ష్మదర్శిని కింద పెడితే, ఇసుక రేణువుల మధ్య ఒక నీలి పోగు కనిపించింది. మొదటి నుంచి చివరి దాకా ఒకే మందం, ఎక్కడా కణాల గీతలు లేవు. కాల్చిన సూది మొన దగ్గరకు తేగానే ముడుచుకుపోయింది. ఇవి ప్లాస్టిక్ లక్షణాలే, కానీ అది ఏ రకం ప్లాస్టిక్కో ఇన్‌ఫ్రారెడ్ పరికరం లేకుండా చెప్పలేం. పక్కనే మూత తీసి ఉంచిన ఖాళీ పళ్లెంలోని తడి వడపోత కాగితం మీద కూడా పోగులు పడ్డాయి, అవి గదిలోని గాలి నుంచి, మా బట్టల నుంచి వచ్చినవే. ఈ లెక్కను మినహాయించకుండా ఒక్కో చేపలో ఇన్ని ముక్కలని ప్రకటించే వార్తలను నేను నమ్మను.

ఇక తినడం సంగతి. పెద్ద చేపను పొట్ట తీసే వండుతాం; నెత్తళ్లను మాత్రం చాలా ఇళ్లలో తల గిల్లి, పొట్టతోనే వేయిస్తారు. తల గిల్లేటప్పుడే గోటితో పొట్టలోని నల్లటి భాగాన్ని కూడా లాగేయండి. తరువాత గోరువెచ్చని నీళ్లలో రెండు మూడు సార్లు కడిగితే ఎండబెట్టిన చోట అంటిన ఇసుక, వల పోగులు కూడా చాలా మటుకు పోతాయి. అంతా పోతుందని అనను. ఆహారం ద్వారా చేరే మైక్రోప్లాస్టిక్ మనిషికి ఎంత హాని చేస్తుందో తేల్చడానికి ఉన్న ఆధారాలు చాలవని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022లో పేర్కొంది. తక్కువ ఖర్చులో మాంసకృత్తులు, కాల్షియం ఇచ్చే ఈ చేపను పిల్లల కంచంలోంచి తీసేయమని చెప్పడానికి నాకు మనసొప్పదు.